పెరటి కొలను, పందికొక్కు, పదకొండు మీటర్ల వైరు: ఏడు నెలల పని డైరీ

మాది తణుకు దగ్గర పల్లె. ఇంటి వెనక గోడ, గోడ వెనక బోదె, బోదె అవతల వరిచేలు. పెరట్లో 8 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పుతో చిన్న కొలను కట్టి ఏడాదిన్నర అయింది. నీటి లోతు 22 అంగుళాలు. సుమారు 2,000 లీటర్లు పడుతుంది. కడియం నర్సరీ నుంచి తెచ్చిన తామర దుంప ఒకటి, గోల్డ్‌ఫిష్ ఆరు, లెక్కలేనన్ని గప్పీలు. కొలను ఎలా కట్టానో ఇక్కడ రాయడం లేదు. దానికి కరెంటు తీసుకెళ్ళే వైర్లను పంటిబారిన పడకుండా చూసుకోవడానికి పట్టిన ఏడు నెలలు, రూ.16,750 లెక్క మాత్రమే ఇది. ఇందులో రూ.1,380 అచ్చంగా నా తెలివితక్కువ ఖాతా.

మొదట ఉన్న సామాను:

1. నీళ్ళలో మునిగి ఉండే 40 వాట్ల పంపు.
2. 5 వాట్ల గాలి మోటారు, దానికి సిలికాన్ గొట్టం.
3. 12 వోల్టుల ఎల్‌ఈడీ దీపాలు మూడు.
4. తిరిగే డయలున్న పాత రకం టైమర్. (దీని సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.)
5. వరండా బోర్డు నుంచి కొలను దాకా నేలమీద పరిచిన 11 మీటర్ల మామూలు మూడు పోగుల వైరు. అసలు తప్పు ఇదే.

దశ 1: నష్టం

నవంబర్ 11. ఊళ్ళో సార్వా (వానాకాలం వరి) కోతలు మొదలైన వారం. పొద్దున చూస్తే గాలి గొట్టం మూడు చోట్ల తెగి ఉంది. మధ్యలో జానెడు ముక్క అసలు లేదు. ముక్క ఎత్తుకెళ్ళిందంటే ఉడుతే, గూటికోసం పట్టుకెళ్ళింది అని తేల్చేశాను. కొత్త గొట్టం 4 మీటర్లు, రూ.120.

నవంబర్ 19. ఈసారి దీపాల వైరు. 12 వోల్టులే కాబట్టి ప్రమాదం లేదు గానీ మూడు దీపాలూ పోయాయి. రూ.650. ఉడుతను మళ్ళీ తిట్టాను.

నవంబర్ 27. తెల్లవారుజామున ఐదున్నర. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచి గాలి పీలుస్తున్నాయి. రాత్రంతా మొక్కలు కూడా ప్రాణవాయువు వాడుకుంటాయి కాబట్టి నీళ్ళలో అది బాగా తగ్గిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా ఆ రాత్రే పంపు ఆగిపోయింది. పంపు కదిలిస్తే తిరుగుతుందేమో అని చెప్పుల్లేకుండా తడిగట్టు మీద కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా షాక్ కొట్టింది. చెయ్యి ఎలా లాగేసుకున్నానో గుర్తులేదు. గట్టుమీద వెనక్కి పడ్డాను.

మెయిన్ ఆపేసి చూస్తే గట్టు అంచు దగ్గర పంపు వైరు కొరికి ఉంది. న్యూట్రల్ పూర్తిగా తెగిపోయింది, అందుకే పంపు ఆగింది. ఫేజు పోగుకి చిన్న గాటు, లోపలి రాగి కనిపిస్తోంది. ఎమ్.సి.బి. (కరెంటు మోతాదు మించితే లైను ఆపే స్విచ్చు) మాత్రం నిక్షేపంగా పైకే ఉంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి మెగ్గర్ (వైరు తొడుగు కరెంటుని ఎంత బాగా ఆపుతోందో కొలిచే మీటరు) పెట్టాడు. 500 వోల్టుల దగ్గర ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 0.04 మెగాఓమ్. కనీసం 1 ఉండాలి. "మాస్టారండీ, ఎమ్.సి.బి. వైరుని కాపాడుద్దండి, మనిషిని కాదండి" అన్నాడు. లెక్క వేసి చూపించాడు కూడా. 40 వాట్ల పంపు లాగేది ఆంపియర్‌లో ఆరోవంతు. నా ఎమ్.సి.బి. 10 ఆంపియర్లది. మనిషి ప్రాణం తీయడానికి అందులో నూరోవంతు చాలు, దాని దృష్టిలో అది లెక్కలోకే రాదు. ఆ రోజే కొలను లైనుకి విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (కాస్త కరెంటు బయటికి కారినా లైను ఆపేసే స్విచ్చు) పెట్టించాను. ఎవరైనా ఈ డైరీలో ఒక్క పనే చేసేట్టయితే అదొక్కటి చేయండి, మిగతా అంతా తర్వాత.

గోల్డ్‌ఫిష్‌లో రెండు చచ్చిపోయాయి.

కొత్త పంపు 1,450, ఆర్.సి.సి.బి. పెట్టెతో సహా 2,100.
*ఇప్పటిదాకా: రూ.4,320*

దశ 2: ఎవరు?

ఇక్కడ టైమర్ కథ. ఆర్.సి.సి.బి. పెట్టాక వైరు కొరికిన ప్రతిసారీ లైను పడిపోతుంది. లైను పడగానే టైమర్ డయలూ అక్కడే ఆగిపోతుంది. అంటే కొరికిన టైము దానిమీద రాసినట్టే. డిసెంబర్ 2న 2:40. డిసెంబర్ 5న 11:50. డిసెంబర్ 9న 3:15. మూడూ రాత్రివే. ఉడుత చీకటి పడ్డాక తిరగదు. పాపం, దాన్ని అనవసరంగా ఆడిపోసుకున్నాను.

అడుగుజాడల కోసం గట్టు చుట్టూ బియ్యప్పిండి చల్లాను. తెల్లారేసరికి చీమల బారులు తప్ప ఏమీ లేవు. మర్నాడు బియ్యప్పిండి మానేసి రాతి ముగ్గు జల్లెడపట్టి చల్లాను. అప్పుడు దొరికింది. ముందు పాదానికి నాలుగు వేళ్ళు, వెనక పాదానికి ఐదు, మధ్యలో తోక ఈడ్చిన గీత. గోడ మూల నుంచి గట్టు అంచు వెంట, వైరుని ఆనుకుని, అటే వచ్చి అటే పోయింది. బయటి మైదానంలోకి ఒక్క అడుగు కూడా వేయలేదు. వైరుమీద పళ్ళ జంట గాటు కొలిస్తే దాదాపు 4 మిల్లీమీటర్లు. చిట్టెలుకది ఇందులో సగం కూడా ఉండదు.

గట్టు వెనక కొబ్బరిచెట్టు మొదట్లో తాజా మట్టి కుప్ప కనిపించాక అనుమానం పోయింది. పందికొక్కు. సార్వా కోతలయ్యాక చేలో తిండీ చాటూ పోయి ఊళ్ళోకి వచ్చేస్తాయి. (ఇంగ్లీషువాళ్ళు మన పందికొక్కు మాటనే బాండికూట్ చేసుకున్నారు. ఆస్ట్రేలియాలో దీనికి చుట్టరికమే లేని సంచి జంతువుకీ ఆ పేరే తగిలించారు.)

వైరు దానికి తిండి కాదు. ముందరి పళ్ళు బతికినన్నాళ్ళూ పెరుగుతూనే ఉంటాయి, అరగదీసుకోక తప్పదు. ఆ పళ్ళు రాగికన్నా గట్టివి. దారిలో అడ్డంగా, నోటికి అందేంత లావులో ఏదుంటే అది కొరుకుతుంది.

దశ 3: పనికిరానివి

వీటిమీద మూడు వారాలు పోయాయి. తొందరగా చెప్పేస్తాను.

1. వాజిలిన్‌లో కారం కలిపి వైరుకి పూయడం. రెండు రాత్రుల మంచుకే కారిపోయింది. దానికి మంట పుట్టిందో లేదో గానీ నా కంటికి పుట్టింది. రూ.60.
2. నాఫ్తలీన్ ఉండలు. గట్టుమీద పెట్టాక గుర్తొచ్చింది, అవి చేపలకి విషం. గంటలో తీసేశాను. రూ.50.
3. ఫోమ్ స్ప్రే. కింద ఐదోదాంట్లో చెప్పే పైపు మూతుల్లో కొట్టాను. గట్టిపడింది. తెల్లారేసరికి గట్టంతా పసుపు రవ్వ. రూ.480.
4. జిగురు అట్టలు రెండు. పందికొక్కు పడలేదు, ఓ బల్లి పడింది. వంటనూనె చుక్కలు చుక్కలుగా పోస్తూ అగ్గిపుల్లతో కాళ్ళు విడదీయడానికి నలభై నిమిషాలు పట్టింది. రెండో అట్ట తీసి పారేశాను. ఇంకెప్పుడూ కొనను. రూ.180.
5. పి.వి.సి. పైపు, బెండ్లు. రూ.410.

ఈ ఐదోదాని దగ్గర కాస్త ఆగాలి. 11 మీటర్ల వైరునీ 20 మిల్లీమీటర్ల పైపులో దూర్చి నేలమీద పరిచాను. పది రోజుల తర్వాత ఒక్కో అడుగూ తడిమి చూశాను. గుండ్రటి నడిమి భాగం మీద గాటు లేదు. రెండు చివర్లూ, ఒక బెండు జాయింటూ మాత్రం చెక్కేసినట్టున్నాయి. కొలను వైపు మూతిని బాగా కొరికేసింది. నున్నటి వంపు మీద పంటికి పట్టు దొరకదు, అంచు దొరికితేనే మొదలుపెడుతుంది. అప్పటిదాకా వైరుకి ఏం చుట్టాలి అని ఆలోచిస్తున్నాను. అడగాల్సింది అది కాదు, అంచు ఎక్కడుంది అని.

*ఇప్పటిదాకా: రూ.5,500*

దశ 4: కందకం

నేలమీద వైరే లేకుండా చేయాలి. పందికొక్కు తవ్వుతుంది కాబట్టి మామూలు వైరు పాతిపెడితే దానికి వడ్డించినట్టే. ఆర్మర్డ్ కేబుల్ తెచ్చాం. మూడు పోగులు, 2.5 చదరపు మిల్లీమీటర్లు, పైన ఉక్కు తీగల కవచం.

డిసెంబర్ 28, 29 తేదీల పని:

1. వరండా నుంచి కొలను దాకా రెండడుగుల లోతు కందకం. మా డెల్టా నేలలో అంత తవ్వేసరికే అడుగున నీళ్ళూరాయి. కేబుల్‌కి ఫర్వాలేదు.
2. అడుగున మూడంగుళాల ఇసుక, కేబుల్, మళ్ళీ ఇసుక, పైన వరసగా ఇటుకలు. రేపెవరైనా పలుగు వేస్తే ముందు ఇటుక తగలాలి.
3. రెండు చివర్లా ఇత్తడి గ్లాండ్లు (కేబుల్ చివరని పెట్టెకి బిగించే నట్లు). ఉక్కు కవచం రెండు వైపులా ఎర్త్‌కి కలపాలి. ఇది మర్చిపోతే కవచమే షాక్ కొడుతుంది.
4. మట్టి కప్పకముందే మెగ్గర్. 200 మెగాఓమ్‌లు దాటింది. అప్పుడే పూడ్చాం.

కేబుల్ 14 మీటర్లు, మీటరు 240 చొప్పున 3,360. గ్లాండ్లు 220. కూలీ 700. ఎలక్ట్రీషియన్ 1,200. ఇటుకలూ ఇసుకా ఇంట్లోవే.
*ఇప్పటిదాకా: రూ.10,980*

దశ 5: చివరి మీటరున్నర

పదకొండు మీటర్లు రెండు రోజుల్లో అయిపోయింది. మిగిలిన మీటరున్నర రెండు నెలలు తినేసింది. పంపుతో వచ్చే తోక వైరు, దీపాల వైరు, గాలి గొట్టం మూడూ మెత్తటివే. వాటిని పాతలేం, మార్చలేం.

జనవరి 6. జి.ఐ. (జింకు పూత ఇనుము) ఫ్లెక్సిబుల్ పైపు 5 మీటర్లు తెచ్చి మూడింటికీ తొడిగాను. రూ.200. ఐదు వారాల్లో నీటి అంచు దగ్గర తుప్పు పట్టి చేత్తో విరిచేంత అయింది. పైగా జింకు పూత నీళ్ళలో దిగితే చేపలకి మంచిది కాదు. తీసేశాను.

జనవరి 15. పరికరాలున్న పెట్టె చుట్టూ అరంగుళం కన్ను జాలీ కట్టాను. రూ.540. పందికొక్కు రాలేదు, చిట్టెలుక వచ్చింది. పెట్టెలో పెంటికలు, చింపిన కాగితం. అరంగుళం కన్ను చిట్టెలుకకి దర్జాగా సరిపోతుంది. పావంగుళం కన్నున్న స్టెయిన్‌లెస్ జాలీకి మారాను. రూ.1,650, ఈ దశలో ఖరీదైన వస్తువు ఇదే. అరంగుళం జాలీ దాచి ఉంచాను.

ఫిబ్రవరి 12. స్నానాల గదిలో షవర్ పైపు చూస్తూ ఆలోచన వచ్చింది. చేతి షవర్‌కి ఉండే స్టీలు చుట్ల పైపు వంగుతుంది, తుప్పు పట్టదు, చుట్ల మధ్య పళ్ళు దిగవు. మూడు కొన్నాను, రూ.780. తీరా ఇంటికి తెచ్చాక లోపల ఇంకో రబ్బరు గొట్టం ఉందని తెలిసింది. వైరు దూరదు. చేసిన పద్ధతి:

1. రెండు చివరల నట్లూ హాక్సా బ్లేడుతో కోసేయాలి.
2. లోపలి గొట్టాన్ని ముక్కుశ్రావణంతో పట్టి మెల్లగా తిప్పుతూ లాగాలి. మొదటిది గట్టిగా గుంజితే చుట్లు విచ్చుకుపోయి స్ప్రింగులా సాగింది. ఆ చివర జానెడు కోసి పారేశాను.
3. ఇప్పుడు లోపలి వ్యాసం 11 మిల్లీమీటర్లు. పంపు వైరు 7, గాలి గొట్టం 6. సులువుగా దూరతాయి.
4. కోసిన అంచుని ఆకురాయితో అరగదీయాలి, లేకపోతే పందికొక్కు అక్కర్లేదు, ఆ అంచే వైరుని కోస్తుంది.
5. నీటిమట్టం కింద జానెడు దాకా తొడుగు ఉండాలి. వేసవిలో మట్టం తగ్గినా వైరు బయటపడకూడదు.
6. తొడుగులన్నీ ఎర్త్‌కి కలపాలి.

పరికరాల పెట్టె నేలమీద ఉన్నంతకాలం ఏదో ఒక గొడవ తప్పదని తేలింది. కోనసీమ తోటల్లో కొబ్బరిచెట్టు మానుకి రేకు పట్టీ చుడతారు, ఎలుక పైకి పాకకుండా. అదే పట్టుకున్నాను. రెండంగుళాల జి.ఐ. పైపు నాలుగడుగుల ఎత్తున పాతి, పైన నీరు దిగని పెట్టె, దాని కింద గరాటు తిరగేసినట్టు రేకు. వెల్డింగుతో 950, పెట్టె 620. గాలి మోటారు నీటిమట్టం కన్నా పైన ఉంటే కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి మోటారులోకి రావు, అదో లాభం.

ఫిబ్రవరి 20. పెట్టె మూతమీద ఎలుక పెంటికలు! రేకు దాటి ఎలా ఎక్కింది? రాత్రి టార్చితో కాపుకాశాను. పదకొండున్నరకి తెలిసింది. పెట్టె నుంచి కొలనులోకి వేలాడుతున్న స్టీలు పైపు మీదుగా, సర్కస్ తాడు మీద నడిచినట్టు, వచ్చేసింది. నిచ్చెన నేనే వేశాను.

మార్పు: మూడు తొడుగుల్నీ బయట వేలాడదీయకుండా స్తంభం పైపు లోపలినుంచే దింపాను. రెండంగుళాల పైపులో ఆర్మర్డ్ కేబుల్‌తో సహా నాలుగూ పట్టాయి. స్తంభం అడుగున కన్నం, అక్కడినుంచి గట్టు రాయి కింద గాడిలో నీళ్ళలోకి. కన్నం చుట్టూ పాత్రలు తోమే స్టీలు పీచు కూరి సిమెంటు పూశాను. ఫోమ్ చేయలేనిది పది రూపాయల పీచు చేసింది. (ఇంట్లోదే, లెక్కలో వేయలేదు.) పంపు కడగడానికి పైకి తీయాలి కాబట్టి నీళ్ళలో రెండడుగుల వైరు చుట్ట వదిలాను, గట్టు రాయికి సిమెంటు పెట్టలేదు.

ఇంకో దారి మిగిలింది. జామకొమ్మ ఒకటి పెట్టెకి రెండడుగుల దూరంలో ఉంది. అది కొట్టేస్తుంటే మా ఆవిడ వచ్చి "కాసే కొమ్మే దొరికిందాండీ మీకు?" అంది. కొట్టక తప్పలేదు. ఆ వారం ఇంట్లో జామకాయల ప్రస్తావన తేలేదు.

*ఈ దశ 4,740. ఇప్పటిదాకా: రూ.15,720*

దశ 6: బొరియ

వైర్లు సరే, గట్టు కింద తవ్వుకుంటూ పోతే కొలను గోడే కుంగుతుంది. నీళ్ళు పోసి వెళ్ళగొట్టమన్నారు కొందరు. గోడ కింద మట్టిని నేనే నానబెట్టుకోవడం అన్నమాట, వద్దన్నాను. ఎలుకల మందూ వద్దనుకున్నాను. మందు తిన్న ఎలుకని పక్కింటి పిల్లి గానీ గుడ్లగూబ గానీ తింటే దానికీ ముప్పే.

1. మార్చి 3: కనిపించిన ఐదు కన్నాల్లోనూ న్యూస్‌పేపర్ ఉండలు కూరాను. మర్నాటికి రెండే తెరుచుకున్నాయి. అంటే ఆ రెండే నడుస్తున్నవి.
2. ఇనుప బోను, రూ.350. ఎలుక జాతికి కొత్త వస్తువంటే అనుమానం. నాలుగు రాత్రులు తలుపు కట్టేసి తెరిచే ఉంచి లోపల ఎండురొయ్యలు పెట్టాను. వచ్చి తిని పోయింది. ఐదో రాత్రి తలుపు వదిలాను, పడింది. బోను బరువు తీసేస్తే 310 గ్రాములు. మూడు రోజులకి రెండోది, 265. చేలల్లో ఎలుక బుట్టలు పెట్టే ఆయనకి అప్పగించాను.
3. వారంపాటు కొత్త మట్టి పడలేదని చూసుకుని, కన్నాల్లో రాతి చిప్స్, సిమెంటు కూరాను. రూ.680.
4. దాచిన అరంగుళం జాలీ ఇక్కడ పనికొచ్చింది. గట్టు వెనక అడుగు లోతున నిలువుగా, అక్కడినుంచి బయటికి అడుగు మడిచి పాతాను. తవ్వుకుంటూ వచ్చేది గోడ మొదట్లోనే తవ్వుతుంది, వెనక్కి వెళ్ళి మొదలుపెట్టాలని దానికి తోచదు.

ఈ పనంతా రబ్బరు గ్లౌజులతోనే. ఎలుక మూత్రం కలిసిన నీళ్ళు చేతి పుండుకి తగిలితే లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉంది. కొలనులో చెయ్యి పెట్టేముందు లైను ఆపడం, గ్లౌజు తొడగడం ఇప్పుడు అలవాటైపోయాయి.

*ఇప్పటిదాకా: రూ.16,750*

దశ 7: దాళ్వా కోతలు

ఏప్రిల్‌లో దాళ్వా (రెండో పంట వరి) కోతకొచ్చింది. అంటే రెండో దండయాత్ర. మళ్ళీ ముగ్గు చల్లాను. ఏప్రిల్ 14 నుంచి మే 2 దాకా పంతొమ్మిది రాత్రుల్లో ఆరు రాత్రులు జాడలున్నాయి. స్తంభం మొదట్లో సిమెంటు మీద గీతలు, రేకు అడుగున మట్టి కాళ్ళ ముద్రలు. ఆర్.సి.సి.బి. ఒక్కసారి కూడా పడలేదు.

మే నెలలో వేరే సమస్య. జాలీ బిగించిన పెట్టెలో మధ్యాహ్నం రెండింటికి థర్మామీటరు 52 డిగ్రీలు చూపించింది. దీపాల ఎడాప్టరు పట్టుకుంటే చెయ్యి కాలుతోంది. పెట్టెకి తెల్ల పెయింటు వేసి, వెల్డింగులో మిగిలిన రేకుని రెండంగుళాల ఎడంతో గొడుగులా బిగించాను. 43కి దిగింది. ఇంకా తగ్గాలి. ఎడాప్టరుని వరండాలోకి మార్చాలంటే ఇంకో కేబుల్ లాగాలి, ఈ వేసవికి ఓపిక లేదు.

జూన్ 8. నెలనెలా చేసే పరీక్ష. మెగ్గర్ 180 దాటింది. తొడుగుల మీద కొత్త గాట్లు లేవు. ఆర్.సి.సి.బి. మీద టి (టెస్ట్) బటన్ నొక్కాను, ఠక్కున పడింది. కొలను దగ్గరికెళ్ళి టైమర్ చూశాను. 6:10 దగ్గర ఆగి ఉంది. నేను బటన్ నొక్కిన టైమే. లైను వేసి, డయలు సరిచేసి, మూత బిగించాను.